అమెరికా ప్రయోగాత్మక విమానాలు, తేజస్

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో 1940వ దశకం నుండి యుద్ధ విమానాల రూపకల్పన, ప్రయోగాత్మక విమానాల నిర్మాణం జంటగా సాగుతూ వచ్చినవి. కొత్త ఆకారాన్ని గాని, కొత్త లోహాన్ని గాని, కొత్త నియంత్రణ పద్ధతిని గాని మొదట ఒకటి రెండు ప్రయోగాత్మక విమానాలలో పరీక్షించి, తెలిసిన విషయాలను తరువాతి యుద్ధ విమానాలలో వాడుకోవడం అక్కడి ఆనవాయితీ. ఈ పరిణామంలో అతి ముఖ్యమైన మలుపు, తనంతట తాను నిలకడగా ఎగరలేని విమానాన్ని కంప్యూటరు సహాయంతో నిలకడగా ఎగిరించగలగడం. భారతదేశపు తేలికపాటి యుద్ధ విమానమైన తేజస్ ఈ కోవకు చెందినది. దాని నియంత్రణ సూత్రాలను 1996లో అమెరికాలో ఒక ప్రత్యేక ఎఫ్-16 విమానంపై పరీక్షించారు. 1998 నాటి ఆంక్షలతో ఆ సహకారం ఆగిపోగా, మిగిలిన పని భారతదేశంలోనే పూర్తయినది. హైదరాబాదు, సికింద్రాబాదు జంటనగరాలకు ఈ చరిత్రలో పలు విధాల సంబంధం కలదు.

స్థిరత్వం అంటే ఏమిటి

విల్లు నుండి వెలువడిన బాణం తన మొనను ముందుకే ఉంచి సాగుతుంది. బరువు ముందు భాగాన, ఈకలు వెనుక భాగాన ఉండడమే దీనికి కారణం. సాధారణ విమానాల రూపకల్పన కూడా ఇదే సూత్రం మీద ఆధారపడినది. విమానపు గురుత్వ కేంద్రం ముందుగాను, రెక్కలు విమానాన్ని పైకెత్తే బలానికి కేంద్రమైన బిందువు దానికి కొంత వెనుకగాను ఉంటాయి. ముక్కు కిందికి వాలిపోకుండా తోక వద్ద ఉన్న చిన్న రెక్క వెనుక భాగాన్ని కిందికి ఒత్తుతుంది. గాలి కుదుపుకు ముక్కు పైకి లేచినా, పైలట్ ఏమీ చేయకుండానే విమానం తిరిగి సర్దుకుంటుంది. ఈ గుణాన్నే స్థిరత్వం అంటారు.

స్థిరత్వానికి మూల్యం ఉన్నది. తోక కిందికి ఒత్తే బలాన్ని కూడా రెక్కలే మోయాలి. అందువలన గాలి నిరోధం పెరుగుతుంది. పైగా సర్దుకునే గుణం ఎక్కువైన కొద్దీ విమానం మలుపు తిరగడానికి మొరాయిస్తుంది. ధ్వని వేగాన్ని దాటినప్పుడు పైకెత్తే బలపు కేంద్రం ఇంకా వెనుకకు జరుగుతుంది కాబట్టి ఈ ఇబ్బంది మరింత ఎక్కువవుతుంది.

సంక్రాంతికి ఎగురవేసే గాలిపటాలను చూస్తే ఈ భేదం తెలుస్తుంది. పొడవైన తోక కట్టిన గాలిపటం ఒకేచోట నిలకడగా ఉంటుంది, కానీ పోటీకి పనికిరాదు. పేంచీలకు వాడే గాలిపటానికి అటువంటి తోక ఉండదు. దారం వదులు చేయగానే గిరగిర తిరుగుతుంది, లాగగానే ముక్కు ఉన్న వైపుకు దూసుకుపోతుంది. దానిని అదుపులో ఉంచేది ఎగురవేసేవారి చేయి మాత్రమే. రైట్ సోదరులు 1903లో ఎగిరించిన విమానం కూడా ఇటువంటి అస్థిర విమానమే. దానిని క్షణక్షణం సరిచేస్తూ ఎగిరించవలసి వచ్చేది. తరువాతి తరాలవారు పైలట్ శ్రమ తగ్గించడానికి స్థిరమైన విమానాలనే ఎంచుకొన్నారు.

ధ్వని వేగాన్ని దాటడం

రెండవ ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి యుద్ధ విమానాలు ధ్వని వేగానికి దగ్గరగా వచ్చినవి. ఆ వేగం వద్ద విమానం తీవ్రంగా కంపించడం, తోక వద్ద ఉండే ఎలివేటర్ పైలట్ మాట వినకపోవడం జరిగేవి. ఈ సమస్యను అధ్యయనం చేయడానికి బెల్ సంస్థ ఎక్స్-1 అనే రాకెట్ విమానాన్ని నిర్మించినది. తుపాకి గుండు ఆకారాన్ని అనుసరించి దీని శరీరాన్ని తీర్చిదిద్దారు. 1947 అక్టోబరు 14న చక్ యేగర్ దీనిని ధ్వని వేగానికి 1.06 రెట్ల వేగంతో నడిపాడు. మొత్తం తోక రెక్కను కదిలించే ఏర్పాటు ఉంటే ఆ వేగాల వద్ద కూడా విమానం అదుపులో ఉంటుందని ఈ ప్రయోగాలు నిరూపించినవి. తరువాత ఎఫ్-86 సేబర్ విమానాలలో ఈ ఏర్పాటు ప్రవేశపెట్టబడినది. సేబర్ విమానం భారతీయులకు కొత్త కాదు. 1965 యుద్ధంలో పాకిస్తాన్ వాడిన సేబర్ విమానాలను భారత వైమానిక దళపు చిన్న నాట్ విమానాలు ఎదుర్కొన్నవి.

కాన్వేర్ సంస్థ నిర్మించిన వైఎఫ్-102 విమానం గణితం ప్రకారం ధ్వని వేగాన్ని దాటవలసి ఉండగా, 1953లో పరీక్షలకు వచ్చినప్పుడు దాటలేకపోయింది. రెక్కలు, శరీరం కలిసే చోట విమానపు అడ్డుకోత వైశాల్యం ఒక్కసారిగా పెరగడమే దీనికి కారణమని రిచర్డ్ విట్‌కాంబ్ అనే శాస్త్రవేత్త అంతకు ముందే గ్రహించి ఉన్నాడు. రెక్కలు ఉన్నచోట శరీరాన్ని నడుములాగా సన్నగా చేయాలని ఆయన సూచించాడు. అలా మార్చిన విమానం 1954 డిసెంబరులో ధ్వని వేగాన్ని దాటినది. దీనిని వైశాల్య సూత్రం అంటారు.

విఫలమైన ప్రయోగాలు కూడా ఉపయోగపడినవి. సూది వంటి పొడవాటి శరీరం, పొట్టి రెక్కలు గల ఎక్స్-3 విమానం తాను చేరవలసిన వేగాన్ని ఎన్నడూ చేరలేదు. అయితే 1954 అక్టోబరులో అది పక్కకు దొర్లుతూ ఉండగా ముక్కు అదుపు తప్పి విపరీతంగా ఊగినది. పొడవాటి శరీరంలో బరువంతా ముందు, వెనుక భాగాలలో పరచుకొని ఉంటే, దొర్లుడు వలన విమానం అడ్డంగా తిరగబోతుందని దీని ద్వారా స్పష్టమైనది. ఆ నెలలోనే ఎఫ్-100 యుద్ధ విమానం ఇదే కారణంగా గాలిలో విరిగిపోయి పరీక్షా పైలట్ మరణించాడు. నిలువు తోకను పెద్దది చేయడం ద్వారా ఆ లోపాన్ని సరిదిద్దారు.

ఎక్స్-15

1959 నుండి 1968 వరకు ఎక్స్-15 రాకెట్ విమానాలు 199 సార్లు ఎగిరినవి. 1963 ఆగస్టు 22న ఇది దాదాపు 108 కిలోమీటర్ల ఎత్తుకు, 1967 అక్టోబరు 3న ధ్వని వేగానికి 6.7 రెట్ల వేగానికి చేరినది. గాలి ఒరిపిడి వేడికి అల్యూమినియం తట్టుకోలేదు కనుక దీని పైపొరను నికెల్ ప్రధానంగా గల మిశ్రలోహంతో చేశారు. విమానం అందుకోగల వేగాన్ని నిర్ణయించేది ఆకారమొక్కటే కాదనీ, లోహం కూడాననీ ఈ ప్రయోగాలు తెలియజేసినవి. 1967 నవంబరు 15న జరిగిన ప్రమాదంలో మైకేల్ ఆడమ్స్ అనే పైలట్ మరణించాడు.

వియత్నాం అనుభవం, ఎఫ్-16

1960వ దశకంలో అమెరికా వైమానిక దళం వేగానికి, క్షిపణులకు ఎక్కువ ప్రాధాన్యమిచ్చినది. ఎఫ్-4 ఫాంటమ్ తొలి రకాలలో లోపల అమర్చిన ఫిరంగి లేదు. వియత్నాంలో తేలికైన మిగ్-17, మిగ్-21 విమానాలు దగ్గరకు వచ్చి మలుపులు తిరిగినప్పుడు ఈ లోపం బయటపడినది. జాన్ బాయిడ్ అనే వైమానిక అధికారి, థామస్ క్రిస్టీ అనే గణిత నిపుణునితో కలసి, విమానం ఏ ఎత్తున ఏ వేగంతో ఎంత శక్తిని కోల్పోకుండా మలుపు తిరగగలదో లెక్కకట్టే సిద్ధాంతాన్ని రూపొందించాడు. చిన్నదైన, తేలికైన, చురుకైన విమానం కావాలన్న వాదన దీనితో బలపడినది.

ఈ వాదనకు ఫలితమే వైఎఫ్-16. 1974 జనవరి 20న నేలమీద వేగ పరీక్ష జరుగుతుండగా విమానం అటూ ఇటూ ఊగి రెక్క చివర నేలను తాకే పరిస్థితి ఏర్పడగా, పైలట్ ఫిల్ ఓస్ట్రిచర్ దానిని గాలిలోకి లేపి క్షేమంగా దింపాడు. అధికారిక తొలి ప్రయాణం ఫిబ్రవరి 2న జరిగినది. 1975 జనవరిలో దీనిని ఎంపిక చేశారు.

ఎఫ్-16లో గురుత్వ కేంద్రాన్ని కావాలనే వెనుకకు జరిపారు. ధ్వని కన్న తక్కువ వేగంలో ఈ విమానానికి స్వతస్సిద్ధమైన స్థిరత్వం లేదు. పైలట్ చేతిలోని కర్రకు, తోకకు మధ్య ఇనుప తీగెలు, కడ్డీలు ఉండవు. పైలట్ ఆజ్ఞ విద్యుత్ సంకేతంగా మారి నియంత్రణ పరికరానికి చేరుతుంది. ఆ పరికరం విమానపు స్థితిని గమనిస్తూ తోకను, రెక్కల అంచులను క్షణక్షణం సవరిస్తుంది. దీనిని ఫ్లై-బై-వైర్ పద్ధతి అంటారు. ఒక వరుస చెడినా మరొకటి పనిచేసేలా నాలుగు సమాంతర వరుసలు ఉంటాయి. ఈ పరికరం మొత్తంగా ఆగిపోతే విమానాన్ని కాపాడడం మనిషి వలన కాదు. తొలి ఎఫ్-16 విమానాలలో ఇది అనలాగ్ పద్ధతిలో ఉండేది. డిజిటల్ కంప్యూటరుతో విమానాన్ని నడపవచ్చునని నాసా అంతకు ముందే నిరూపించినది. 1972 మే 25న ఎగిరిన నాసా వారి ఎఫ్-8 విమానంలో చంద్రయాత్రకు వాడిన అపోలో కంప్యూటరునే అమర్చారు.

ఎక్స్-29, ఎఫ్-117

1984 డిసెంబరు 14న తొలిసారి ఎగిరిన గ్రమ్మన్ ఎక్స్-29లో రెక్కలు వెనుకకు కాక ముందుకు వాలి ఉంటాయి. లోహపు రెక్కలను ఇలా అమర్చితే అధిక వేగంలో అవి మెలితిరిగి విరిగిపోతాయి. కార్బన్ నారతో చేసిన పొరలను తగిన దిశలలో పేర్చి ఈ మెలికను అరికట్టారు. ఎఫ్-16 కన్న కూడా ఇది ఎంతో అస్థిరమైనది. దీని కంప్యూటరు సెకనుకు 40 సార్లు నియంత్రణ తలాలను సవరించేది.

1981లో తొలిసారి ఎగిరిన ఎఫ్-117లో అస్థిరత్వానికి కారణం వేరు. రాడార్ తరంగాలు వచ్చిన దారినే తిరిగి వెళ్ళకుండా దీని శరీరాన్ని చదునైన పలకలతో నిర్మించారు. వంపు తలాల నుండి తరంగాలు ఎలా పరావర్తనం చెందుతాయో లెక్కకట్టే శక్తి నాటి కంప్యూటర్లకు లేకపోవడం వలన పలకల ఆకారం ఎంచుకోబడినది. గాలిలో ఎగరడానికి ఏమాత్రం అనువు కాని ఈ ఆకారాన్ని ఫ్లై-బై-వైర్ పద్ధతి మాత్రమే నిలపగలిగినది. తరువాతి ఎఫ్-22, ఎఫ్-35 విమానాలలో వంపు తలాలతోనే రాడార్‌కు చిక్కని ఆకారం సాధ్యమైనది.

తేజస్

భారతదేశంలో రూపొందిన తొలి జెట్ యుద్ధ విమానం మారుత్. కుర్ట్ టాంక్ అనే జర్మన్ నిపుణుని ఆధ్వర్యంలో హిందుస్తాన్ ఏరోనాటిక్స్ సంస్థ నిర్మించిన ఈ విమానం 1961 జూన్ 17న తొలిసారి ఎగిరినది. తగిన ఇంజను దొరకక ఇది సమతల ప్రయాణంలో ధ్వని వేగాన్ని దాటలేకపోయినది. మారుత్ తరువాత దాదాపు రెండు దశాబ్దాలపాటు కొత్త యుద్ధ విమానపు రూపకల్పన జరగలేదు.

మిగ్-21 స్థానంలో వాడడానికి తేలికపాటి యుద్ధ విమాన పథకం 1983లో ఆమోదం పొందినది. 1984లో బెంగుళూరులో ఏరోనాటికల్ డెవలప్‌మెంట్ ఏజెన్సీ ఏర్పడినది. ఒడిషాలోని బరంపురంలో జన్మించిన కోట హరినారాయణ ఈ పథకానికి సంచాలకునిగా, ప్రధాన రూపశిల్పిగా పనిచేశాడు. ఆయనకు 2002లో పద్మశ్రీ పురస్కారం లభించినది. తరువాత ఆయన హైదరాబాదు విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా ఉన్నాడు.

తేజస్‌కు వెనుక చిన్న రెక్క లేదు. త్రిభుజాకారపు రెక్కల వెనుక అంచులే ఆ పని చేస్తాయి. పొడవు 13.2 మీటర్లు, రెక్కల వెడల్పు 8.2 మీటర్లు. శరీర నిర్మాణంలో దాదాపు 45 శాతం బరువు కార్బన్ నార వంటి మిశ్రమ పదార్థాలదే. విమానం అస్థిరమైనది కనుక నాలుగు వరుసల డిజిటల్ ఫ్లై-బై-వైర్ వ్యవస్థ అనివార్యమైనది. ఇటువంటి వ్యవస్థను అంతకు మునుపు భారతదేశంలో ఎవరూ తయారు చేయలేదు.

ఈ వ్యవస్థలో రెండు భాగాలు కలవు. మొదటిది కంప్యూటరు యంత్రం. రెండవది ఏ స్థితిలో ఏ తలాన్ని ఎంత కదిలించాలో చెప్పే నియంత్రణ సూత్రాల సంపుటి. యంత్రాన్ని కొనవచ్చును. సూత్రాలు మాత్రం ప్రతి విమానానికి విడిగా తయారు కావలసినవే. ఎఫ్-16 సూత్రాలు తేజస్‌కు పనికిరావు. ఈ సూత్రాలను బెంగుళూరులోని జాతీయ వైమానిక ప్రయోగశాల నాయకత్వంలోని బృందం రూపొందించినది.

విమానం ఎగరకముందే ఈ సూత్రాలను గాలిలో పరీక్షించడానికి అమెరికాలో ఒక సాధనం ఉండినది. 1992లో ఎగిరిన ఎన్‌ఎఫ్-16డి విస్టా అనే ఆ విమానం, కంప్యూటరులో సూత్రాలను మార్చితే వేరొక విమానం వలె ప్రవర్తించగలదు. ప్రమాదం ఎదురైతే వెంటనే మామూలు ఎఫ్-16గా మారిపోతుంది. 1996లో తేజస్ సూత్రాలను దీనిలో ఉంచి భారతీయ పరీక్షా పైలట్లు ఎగిరించి చూశారు. ఆ విధంగా తేజస్ గాలిలోకి లేవడానికి నాలుగేళ్ళ ముందే దాని నడక ఎలా ఉంటుందో తెలిసినది.

1998 నాటి ఆంక్షలు

1998 మే 11, 13 తేదీలలో పోఖ్రాన్‌లో అణుపరీక్షలు జరిగిన తరువాత అమెరికా భారతదేశంపై ఆంక్షలు విధించినది. నియంత్రణ వ్యవస్థపై లాక్‌హీడ్ మార్టిన్ సంస్థతో అమెరికాలో పనిచేస్తున్న భారత బృందం పని మధ్యలోనే తిరిగి రావలసి వచ్చినది. మొదటి నమూనా విమానం 1995 నవంబరు 17ననే కార్ఖానా నుండి వెలుపలికి వచ్చినప్పటికీ, నియంత్రణ వ్యవస్థ సిద్ధం కానిదే దానిని ఎగిరించే అవకాశం లేదు.

మిగిలిన పనిని ఏరోనాటికల్ డెవలప్‌మెంట్ ఎస్టాబ్లిష్‌మెంట్, జాతీయ వైమానిక ప్రయోగశాల, హిందుస్తాన్ ఏరోనాటిక్స్ తదితర సంస్థలు బెంగుళూరులో పూర్తిచేసినవి. విమానపు నియంత్రణ భాగాలన్నిటినీ నేలమీదనే ఒక ఇనుప చట్రంలో బిగించి, విమానంలో వలెనే నడిపి చూశారు. దీనిని ఐరన్ బర్డ్ అంటారు. ఎగరకుండానే ఎగిరినంత అనుభవం సంపాదించడం దీని ఉద్దేశం. ఏ ఒక్క సూత్రం తప్పినా నష్టపోయేది పైలట్ ప్రాణం, దానితోపాటు పథకం కూడాను.

2001 జనవరి 4న వింగ్ కమాండర్ రాజీవ్ కొఠియాల్ ఈ విమానాన్ని బెంగుళూరులో తొలిసారి ఎగిరించి క్షేమంగా దింపాడు. అప్పటికి ఆంక్షలు ఇంకా తొలగలేదు. 2003 మే 4న ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి దీనికి తేజస్ అని నామకరణం చేశాడు. అదే సంవత్సరం ఆగస్టు 1న ఇది ధ్వని వేగాన్ని దాటినది. 2016 జూలై 1న వైమానిక దళంలో చేరినది. ఇరవై మూడేళ్ళపాటు కూలిన సంఘటన ఒక్కటీ లేకుండా ఎగిరిన తరువాత, 2024 మార్చి 12న జైసల్మేర్ వద్ద ఒక తేజస్ కూలగా పైలట్ బయటపడ్డాడు. 2025 నవంబరు 21న దుబాయ్ వైమానిక ప్రదర్శనలో మరొకటి కూలి పైలట్ మరణించాడు.

ఇంజను

ఆంక్షల వలన నేర్చిన పాఠం ఇంజను విషయంలో పూర్తిగా అమలు కాలేదు. తేజస్‌ను నడిపేది అమెరికాకు చెందిన జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ వారి ఎఫ్404 ఇంజను. వైఎఫ్-16తో పోటీపడి ఓడిన వైఎఫ్-17 విమానపు ఇంజను నుండి ఇది అభివృద్ధి చెందినది. ఎక్స్-29, ఎఫ్-117 విమానాలలోనూ ఈ తరగతి ఇంజన్లనే వాడారు. అమెరికా ప్రయోగాత్మక విమానాలకు, తేజస్‌కు మధ్య ఉన్న ప్రత్యక్ష బంధుత్వం ఇదే. బెంగుళూరులో కావేరి పేరుతో చేపట్టిన స్వదేశీ ఇంజను తేజస్‌కు కావలసినంత శక్తిని ఇవ్వలేకపోయినది. 2021లో హిందుస్తాన్ ఏరోనాటిక్స్ 99 ఎఫ్404 ఇంజన్లకు ఆర్డరు ఇవ్వగా, వాటిలో మొదటిది 2025 మార్చిలో గాని అందలేదు. కొత్త రకమైన తేజస్ మార్క్-1ఎ విమానాలు ఆలస్యం కావడానికి ఇది ఒక ముఖ్య కారణం. అరవై ఏళ్ళ నాడు మారుత్‌ను వెనుకకు లాగిన సమస్యే మరో రూపంలో తిరిగి వచ్చినది.

హైదరాబాదు, సికింద్రాబాదులతో సంబంధం

జంటనగరాలలో యుద్ధ విమానాల రూపకల్పన సంస్థ లేకపోయినా, వాటికి కావలసిన లోహాలు, పరికరాలు, ఆయుధాలు, మనుషులు ఇక్కడి నుండి వెళుతున్నాయి.

శిక్షణ: సికింద్రాబాదుకు ఉత్తరాన హకీంపేటలో వైమానిక దళ శిక్షణ కేంద్రం కలదు. బేగంపేటలో రెండవ ప్రపంచ యుద్ధ కాలం నుండి పైలట్ల శిక్షణ జరిగినది. దుండిగల్‌లోని వైమానిక దళ అకాడమీకి 1967లో శంకుస్థాపన జరిగినది.

లోహాలు: కంచన్‌బాగ్‌లో 1973లో ఏర్పడిన మిశ్ర ధాతు నిగమ్ టైటానియం, నికెల్ ఆధారిత మిశ్రలోహాలను తయారు చేస్తుంది. ఎక్స్-15కు అవసరమైన కోవకు చెందిన లోహాలివి. రక్షణ లోహ పరిశోధనశాల కూడా హైదరాబాదులోనే ఉన్నది.

పరికరాలు, ఆయుధాలు: సికింద్రాబాదుకు సమీపాన బాలానగర్‌లోని హిందుస్తాన్ ఏరోనాటిక్స్ విభాగం విమానాల రేడియో పరికరాలను తయారు చేస్తుంది. 2023 ఆగస్టు 23న తేజస్ నుండి తొలిసారి ప్రయోగించిన అస్త్ర క్షిపణిని హైదరాబాదులోని సంస్థలే రూపొందించి తయారు చేస్తున్నాయి.

విమాన భాగాలు: హైదరాబాదుకు చెందిన వెమ్ టెక్నాలజీస్ తేజస్ మార్క్-1ఎ శరీరపు మధ్యభాగాన్ని నిర్మించి 2025 మేలో తొలిసారి హిందుస్తాన్ ఏరోనాటిక్స్‌కు అందజేసినది. ఆదిభట్లలో టాటా, లాక్‌హీడ్ మార్టిన్ సంస్థల ఉమ్మడి కర్మాగారం కలదు. 1998లో భారత బృందంతో పని నిలిపివేయవలసి వచ్చిన లాక్‌హీడ్ మార్టిన్, 2018లో ఎఫ్-16 రెక్కలను ఇక్కడ తయారు చేయించాలని నిర్ణయించినది. లోపల ఇంధనాన్ని నింపుకొని, విమానపు బరువుకు 9 రెట్ల ఒత్తిడిని తట్టుకోవలసిన భాగమిది. ఇక్కడ తయారైన నమూనా రెక్క పరీక్షలలో నెగ్గినది.

మనుషులు: తండ్రి హైదరాబాదు నుండి అమెరికా వెళ్ళి స్థిరపడగా అక్కడే 1977లో జన్మించిన రాజా చారి, అమెరికా వైమానిక దళంలో పరీక్షా పైలట్‌గా ఎఫ్-35 విమానాల పరీక్షా బృందానికి సంచాలకునిగా పనిచేశాడు. 2017లో నాసా వ్యోమగామిగా ఎంపికై, 2021 నవంబరు నుండి 2022 మే వరకు అంతరిక్ష కేంద్ర యాత్రకు నాయకత్వం వహించాడు.

ఇటీవలి పరిణామాలు

తేజస్ సూత్రాలను పరీక్షించిన విస్టా విమానానికి 2021లో ఎక్స్-62ఎ అని కొత్త పేరు పెట్టారు. 2022 డిసెంబరులో కృత్రిమ మేధ దీనిని నడిపినది. కంప్యూటరు మొదట పైలట్ చేతికి సహాయంగా వచ్చి, ఇప్పుడు పైలట్ నిర్ణయాలలోనికి ప్రవేశిస్తున్నది. 2025 మార్చి 21న అమెరికా తన తరువాతి తరం యుద్ధ విమానం ఎఫ్-47 నిర్మాణాన్ని బోయింగ్ సంస్థకు అప్పగించినది. భారతదేశంలో 2025 సెప్టెంబరు 26న మిగ్-21 విమానాలు సేవల నుండి విరమించినవి. అదే నెలలో మరో 97 తేజస్ మార్క్-1ఎ విమానాలకు ఒప్పందం కుదిరినది.

ఇవి కూడా చూడండి

తేజస్
కోట హరినారాయణ
హిందుస్తాన్ ఏరోనాటిక్స్
మిశ్ర ధాతు నిగమ్
రాజా చారి